కరెంటాయన ఇంటి కుక్క

మా ఇంటికి కాలింగ్ బెల్ లేదని మా మేనమామ ఎప్పుడొచ్చినా నవ్వేటోడు, లైన్‌మన్ ఇంటికి బెల్ లేకపోవుడేంది బావా అని. నాయిన జవాబు ఒక్కటే, మనింటికి జనం వచ్చేదే కరెంటు పోయినప్పుడు, అప్పుడు బెల్ ఎట్ల మోగుతది అని. ఆ పని మోతి చేసేది.

మాది చండూరు నుంచి మునుగోడు పోయే దిక్కు ఒక ఊరు. నాయిన డ్యూటీల చేరినప్పుడు స్టేట్ ఎలక్ట్రిసిటీ బోర్డు అనెటోళ్లు, 1999ల అది కరెంటు తయారుచేసే జెన్‌కో, పెద్ద లైన్ల మీద పంపే ట్రాన్స్‌కో అని ఇడిపోయింది, మళ్ల ఏడాదికి ఇండ్లకు కరెంటు ఇచ్చే డిస్కంలు అన్నరు, 2014ల తెలంగాణ వచ్చినంక ఇంకో పేరు, ఐడెంటిటీ కార్డులు మారుకుంట పోయినయి గని మా వాడకట్టుకు నాయిన మొదటి నుంచి ఆఖరి దాకా కరెంటాయనే. అమ్మ కరెంటాయన పెండ్లాం, నేను కరెంటాయన కొడుకు, మోతి కరెంటాయన కుక్క.

మోతి పుట్టింది సబ్‌స్టేషన్ల. ఆపరేటర్ రూం ఎనుక ఒక ఊరకుక్క పిల్లలు పెడితే నాయిన నైట్ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఒకదాన్ని టూల్స్ సంచిల ఏసుకొచ్చిండు. కటింగ్ ప్లేయరు, టెస్టరు, ఫ్యూజు తీగ చుట్ట, వాటి నడుమల నుంచి ముక్కు బయటపెట్టి సూస్తున్న ఎర్ర కుక్కపిల్ల. ఒక చెవి నిలబడ్డది, ఒకటి వాలిపోయింది, ఆ వాలిన చెవి ఎప్పటికీ లేవలే. పేరు పెట్టింది మాత్రం మేం కాదు, ఎదురింటి పెద్దమ్మ. వాళ్లింట్ల అంతకు ముందు చచ్చిపోయిన కుక్క పేరు మోతి, గొలుసు ఇంక దండెం మీదనే యాలాడుతుండె, ఆమెనే ఆ గొలుసు తెచ్చి దీని మెడకు ఏసి, ఆ పేరుతోటే పిలిచింది. ఇగ అప్పటి సంది మోతి ఎవరిది అనే పంచాయితీ తెగలే. పొద్దుగాల జొన్నరొట్టె ముక్క పెద్దమ్మ ఇంటి గడప కాడ, పగటీలి బువ్వ మా ఇంట్ల, నా మోతి ఇయ్యాల తినలేదేందే అని ఆమె మా అమ్మను నిలదీసేది, అమ్మకు ఒళ్లు మండేది గని పెద్ద మనిషి కాబట్టి పల్లెత్తు మాట అనకపోయేది. గొలుసు ఏసుడు కూడ పేరుకే, ఒక వారం తర్వాత తీసేసినం, అది పోతే పెద్దమ్మ ఇంటికి పోతది, లేకపోతే నాయిన బండెనుక పోతది, ఇంకెక్కడికి పోతది?

మా గల్లీ మూలకు దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉండె, దినమంత గుయ్యిమని సప్పుడు. మనకు అలవాటై ఆ సప్పుడు ఇనపడదు, ఆగినప్పుడే తెలుస్తది, మోతికి మనకంటే ముందు తెలిసేది. ఎండకు నాలుక బయటేసి పండుకున్నది చటుక్కున లేచి, ఒళ్లు దులుపుకొని, పోయి టీవీఎస్ బండి కాడ నిలబడేది. నాయిన ఖాకీ ప్యాంటు ఎక్కించి చెప్పులు ఏసుకునేలోపల ఫుట్‌బోర్డు మీద కూసొని ముందుకాళ్లు పైన రాడ్డుకు ఆనిచ్చేది, నాయిన రెండు మోకాళ్ల నడుమల నుంచి తలకాయ బయటపెట్టి రోడ్డు సూసుకుంట పోయేది. నాలాంటోనికి ఎనుక సీటు, కుక్కకు ముందు సీటు. స్కూల్ల దోస్తులు దీని మీద నన్ను ఎంత యాష్ట పెట్టిన్రో.

అట్లని ధైర్యమున్న కుక్క అనుకోవద్దు. బ్యాటరీ లైటు పట్టుకొని వచ్చే రైతును సూసి రెండే రెండు మొరుగులు మొరిగి తోక ఊపేది. బిల్లు కట్టక కనెక్షన్ కోసినంక లొల్లికి వచ్చేటోళ్లను సూస్తే మాత్రం నాయిన కుర్చీ కిందికి దూరేది. కావలి కుక్క అనే మాట దానికి అస్సలు సెట్ కాదు, అది కబురు కుక్క.

ఎండాకాలం దాని జాగ వేరే. ఇంటి ఎనుక మీటరు కాడ ఎర్తింగ్ గుంత ఉండె, నాయిన సొంతంగ తవ్వి బొగ్గులు ఒక వరుస ఉప్పు ఒక వరుస ఏసి నడుమల పైపు దించిండు. మన్ను ఎండిపోతే ఎర్త్ సరిగ అందదు, అందుకని ఎండాకాలమంతా అండ్ల నీళ్లు పోయాలె, ఆ డ్యూటీ అమ్మది, బోళ్లు కడిగిన నీళ్లన్ని అండ్లనే. ఆ తడి మన్ను మీద మోతి కడుపు ఆనిచ్చి నాలుగు కాళ్లు నాలుగు దిక్కుల సాపి పండేది. అమ్మ తప్పాల పట్టుకొని వస్తే లేవకపోయేది, నీళ్లు నెత్తి మీద పోసినా కండ్లు మూసుకొని ఊకుండేది. మా ఇంట్ల ఫ్యాను లేకుండ సుఖపడ్డది అదొక్కటే.

ఇప్పటి పిల్లలకు రాత్రి కరెంటు అంటే తెల్వదు. యవసాయానికి త్రీ ఫేజు దినమంత ఉండకపోయేది, ఊర్లను గ్రూపులు చేసి ఒక వారం ఇన్ని గంటలు పగలు ఇన్ని గంటలు రాత్రి, ఇంకో వారం తిరగేసి. తొమ్మిది గంటలు అనెటోళ్లు, 2004ల ఉచిత కరెంటు వచ్చినంక ఏడు గంటలు, అవి కూడ ఒక్క తీరుగ కాదు, ముక్కలు ముక్కలు. మిగిలిన టైంల సింగిల్ ఫేజు, ఇంట్ల బుగ్గ ఎలుగుతది గని బాయికాడ మోటరు నడవదు. రాత్రి పన్నెండుకు త్రీ ఫేజు వస్తదంటే రైతు పదకొండుకే పోయి స్టార్టరు డబ్బా పక్కన గొంగడి కప్పుకొని కూసోవాలె. కూసునే ఓపిక లేనోళ్లు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు, కరెంటు రాంగనే మోటరు దానంతటదే లేస్తది, మనిషి ఇంట్ల పండుకోవచ్చు. ఇనడానికి మంచిగనే ఉంటది. కాని మోటరు నడిచేటప్పటికంటే లేచేటప్పుడు ఐదారింతలు ఎక్కువ గుంజుతది, ఊరి మోటర్లన్ని ఒక్క క్షణంల లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎట్ల ఆగుతది? వంద కేవీఏ కెపాసిటీ దాని మీద ఐదు హెచ్‌పీ మోటర్లు ఇరవై అయితే ఎట్లనో సాగుతది, మావోళ్లు అడ్డగోలుగ ఏసుకుంట పోయెటోళ్లు. ఫ్యూజు కొట్టేసేది. మళ్ల మళ్ల కొట్టేస్తుందని ఎవడో తెలివిగల్లోడు లావు రాగి తీగ ఏసేటోడు, అప్పుడు ఫ్యూజు మంచిగనే ఉంటది, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతది.

అట్ల పన్నెండు గంటలకు త్రీ ఫేజు వచ్చేది, పన్నెండుంబావుకు మా ఇంటి ముందు జనం.

అందరికంటే ముందు వచ్చేది బత్తాయి తోట తాత. మా దిక్కు అప్పట్ల ఎటు సూసినా బత్తాయి తోటలే, లారీలు లారీలు హైదరాబాద్ కొత్తపేట మార్కెట్‌కు పోయేటియి. చెట్టును ఐదేండ్లు సాకితే గని సరైన కాపు రాదు, ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే అదంతా పొయ్యిల కట్టె, అందుకని తాతకు నిద్ర ఉండకపోయేది. వచ్చి పిలవడు, తలుపు కొట్టడు, అరుగు మీద కూసొని బీడి ముట్టిచ్చి మోతి వాలిన చెవి ఎనుక గోకుకుంట, లేపకే, ఆయన ఇప్పుడే పండుకున్నట్టుంది, జరంతసేపాగి లేపుదం అని దానితోటి ముచ్చట పెట్టేటోడు. అప్పటికే అది రెండు మొరుగులు మొరిగి వాడకట్టునంత లేపి ఉండేది. నాయిన లుంగీ సర్దుకుంట వచ్చి, ఏం మామా ఏ ఫేజు పోయింది అంటే, ఏమో అల్లుడా, మోటరు మూలుగుతుంది అనేది ఆయన. మూలుగుతుందంటే ఒక ఫేజు లేదని లెక్క, అట్లనే నడిపిస్తే వైండింగ్ కాలుద్ది. నాయిన బండి తీసేటోడు, మోతి ముందర, తాత ఎనుక.

తర్వాత గిర్ని చిచ్చా. ఆయనకు పిండి గిర్ని ఉండె, త్రీ ఫేజు ఉంటేనే నడుస్తది, డబ్బాలు వరుసగ పెట్టి ఆడోళ్లు కూసుంటరు, కరెంటు రాకపోతే అందరు ఆయన్నే తిడుతరు, ఆయన తిన్నగ మా ఇంటికి వచ్చి, క్యా భాయ్, నా ఇజ్జత్ తీస్తున్నవు అనెటోడు. రంజాన్ నెల వస్తే సహెరీ టైంకు లైటు ఉండేటట్టు సూడమని ముందే వచ్చి చెప్పి పోయేటోడు, అది నాయిన చేతుల ఉండేదా? ఉండకపోయేది. అయినా పండుగ నాడు షీర్‌ఖుర్మా మొదలు మా ఇంటికే వచ్చేది. మోతి చిచ్చాను సూస్తే తుమ్మేది, ఆయన బట్టల నిండా పిండే కదా.

పక్కింట్ల అన్న మగ్గం నేసేది. గుంట మగ్గం, కాళ్లు గుంతల పెట్టి నేస్తరు. పండుగలకు ముందు ఆర్డర్లు ఉంటే రాత్రి పొద్దుపోయే దాకా నేసేటోడు, మోతి ఆయన పక్కన పోయి పండుకునేది, నాడె ఇటు నుంచి అటు పోతుంటే మొదట్ల తలకాయ కూడ ఇటు అటు తిప్పేది, తర్వాత ఇసుగొచ్చి మానేసింది. మా చీరల మీద వెంట్రుకలు అంటుతయి అని వదినె గదిమితే లేచి గడప దాటి కూసునేది, ఆమె ఇంట్లకు పోంగనే మళ్ల లోపలికి. కరెంటు పోతే ఆయన కందీలు ముట్టిచ్చి నేసేటోడు గని చిటికి రంగులు, పోగులకు ముడులేసి అద్దినయి, ఆ ఎలుగుల సరిగ కానరావు, పోగు తప్పితే డిజైన్ మొత్తం జరుగుతది, అందుకని ఎప్పుడొస్తదన్నా అని గోడ మీద నుంచి అడిగేటోడు. గట్టిగ అడగకపోయేది. రాత్రి మొత్తంల అట్ల నెమ్మదిగ అడిగేది ఆయనొక్కడే.

ఇంతమంది వస్తే అమ్మకు ఛాయ్ పని. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రాత్రయితే అరుగు మీద జాగ ఉండకపోయేది, ఎవరెంత చందా, ఎవని ట్రాక్టరు, రేపు నల్లగొండకు రిపేరుకు ఎవరు పోవాలె అని అక్కడనే మాట్లాడుకునేది. ట్రాక్టరు మీదికి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎక్కించుడంటే పది మంది మోకులు పట్టి గుంజాలె, ఆయిలు కారి చేతులు జారుతుంటయి, మోతి ఆ గుంజేటోళ్ల కాళ్ల నడుమ తిరుగుకుంట ఇంకింత ఆగమాగం చేసేది. రిపేరై వచ్చేదాకా పొలాలు నెర్రెలిచ్చేటియి. ఆ నాలుగు దినాలు నాయిన బజారుకు పోవాలంటే ఎనుక గల్లీ నుంచి పోయేటోడు, ఎదురైన ప్రతోడు అడుగుతడు కదా.

పీర్ల పండుగ, వినాయక నిమజ్జనం వస్తే వేరే తిప్పలు. పీర్లు ఎత్తుగ ఉంటయి, కిందికి యాలాడే తీగల కింద నుంచి పోవాలె, నాయిన ముందే సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ క్లియర్, అంటే ఆ లైన్ల కరెంటు బంద్ చేసినమన్న మాట, తీసుకొని పొడుగు కట్టె పట్టుకొని పీర్ల ముందు నడిచేటోడు. లైన్ క్లియర్ ఇచ్చినా సరే ఎర్త్ ఏయకుండ తీగను ముట్టుడు ఆయన జిందగీల చేయలే. ఎవడో ఇంట్ల జనరేటరు పెట్టి దాన్ని ఉల్టా లైన్ల మీదికి ఇడిస్తే సచ్చేది పోలు మీద ఉన్నోడు, తన తోటోళ్లను అట్ల పోగొట్టుకున్నడు ఆయన, ఆ పేర్లు ఇంట్ల ఎన్నడూ తీయకపోయేది. పక్క నుంచి జల్ది కానీ అని ఎవడన్న తొందరపెడితే దిగి వచ్చి కట్టె వాని చేతుల పెట్టి నువ్వెక్కు అనేది. దప్పుల సప్పుడుకు మోతి ఆ రోజంతా పెద్దమ్మ మంచం కింద.

మే నెల గాలిదుమారం ముచ్చట చెప్పకపోతే మా ఊరోళ్లు ఊకోరు. ఒకసారి మాపటీలి గాలి లేచింది, రేకులు ఎగిరినయి, స్తంభాలు వరుసగ పడిపోయినయి. వాన జర తగ్గినంక నాయిన, మోతి, ఇంకో ఇద్దరు నడుసుకుంట పోతుంటే వాగు కాడ మోతి ఆగి మొరుగుడు పెట్టింది, అడుగు ముందుకు ఏస్తలేదు. లైటు కొట్టి సూస్తే బురదల తెగిపడ్డ తీగ. ఇగ ఊరంతా ఇదే కథ, మోతి కరెంటును పసిగట్టింది, కరెంటాయన పానం కాపాడింది అని, చిచ్చా గిర్ని కాడ చెప్పేటప్పటికి ఆ తీగ నిప్పులు కూడ కక్కింది. పెద్దమ్మ దానికి దిష్టి తీసింది, కోడిగుడ్డు పెట్టింది. నాయిన మాత్రం ఎన్నడూ ఒప్పుకోలే. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ఫీడరు మొత్తం అప్పటికే బంద్ ఉంది, ఆ తీగల ఏముంది పసిగట్టుడానికి, అది మొరిగింది బోదురుకప్పను సూసి అనెటోడు. నాకు నాయిన మాటనే నిజమనిపిస్తది, దానికి కప్పలంటే భయం ఎక్కువ. కాని తడి నేల మీద తీగ పడితే మనుషుల కంటే ముందు పశువులు పోతయన్నది మాత్రం ఆయన చెప్పిందే, ముందుకాళ్లకు ఎనుకకాళ్లకు దూరం ఎక్కువ కాబట్టి నేలల పారే కరెంటు వాటి ఒంట్లకెల్లి పోతది. అందుకనే ఆ రోజు తర్వాత వానల మోతిని తోలుకపోలే. బండి స్టార్ట్ అయితే ఇంట్లకెల్లి అది ఏడ్సేది, అమ్మ తలుపుకు గొళ్లెం పెట్టేది. ఆ దుమారానికి నాయిన ఇంటికి రాలే, పడ్డ స్తంభాలు లేపుకుంట బయటనే ఉన్నడు, వాడకట్టోళ్లే మాకు కూరలు తెచ్చి పెట్టిన్రు, పెద్దమ్మ తప్పాలచెక్క చేసి ఒకటి మాకు ఒకటి మోతికి పంపింది, మాది కొంచెం చిన్నగున్నది.

అప్పటి రోజులే బాగుండె అని కొందరు అంటరు గని నేను అనలేను. రాత్రి కరెంటుకు బాయికాడికి పోయి పాము కరిచినోళ్లు, తడి చేతులతోటి స్టార్టరు ముట్టి పోయినోళ్లు మా చుట్టుపక్కల ఊర్లల్ల ఉన్నరు. తాత తోట కూడ నిలవలే. 2002 కరువుల బోర్లు ఎండినయి, ఎంత లోతు ఏసినా దుమ్మే లేచింది, కరెంటు ఉన్నా మోటరు గుంజడానికి నీళ్లు లేవు. చెట్లు కొట్టిచ్చిన దినం కూడ ఆయన మా అరుగు మీదికి వచ్చి కూసున్నడు, నాయిన ఏ ఫేజు మామా అని అడగలే, ఛాయ్ తెప్పిచ్చిండు. అయినా ఆ తర్వాత కూడ రాత్రిపూట రాకడ మానలే, అలవాటు.

మోతి ముసలిదై పోయింది. ఎక్కడ పెట్టాలె అని మేం మాట్లాడుకుంటుంటే తాతనే గడ్డపార పట్టుకొని వచ్చి, నా చెలుకల పెడుదం, రాత్రి కరెంటుకు నాకు జోడు ఉన్నది అదే అన్నడు. పెద్దమ్మ నా కుక్కను నన్నడగకుండ ఎట్ల తీస్కపోతరని కొట్లాడింది, కొట్లాడి తనే ముందు నడిచింది.

2018 జనవరి ఒకటి నుంచి యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. అంతకు ముందే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరు తిరిగి చెప్పిన్రు, నాయిన కూడ తిరిగిండు, ఇన్నేండ్లు నేను చెప్తే ఇనలే గదరా అని నవ్వుకుంట ఒక్కొక్కటి పీకిచ్చిండు. ఆ సంది రాత్రి మా అరుగు మీదికి ఎవరూ రారు. వచ్చే పని లేదు, మంచిదే కదా. అమ్మకే తోచదు, ఛాయ్ పత్తి డబ్బా నెల దాటినా ఒడువదు అంటది.

నేను ఇప్పుడు వనస్థలిపురంల, ఇంట్ల కూసొని లాప్‌టాప్ మీద పని. కరెంటు రెండు నిమిషాలు పోతే చాలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండిపోతది, కరెంటోళ్ల కంప్లైంట్ నంబరు 1912కు ఫోన్ చేసిన్రా అని ఒకరు, లిఫ్ట్‌ల ఎవరన్న ఇరుక్కున్నరా అని ఒకరు, తలుపు తెరిచి బయటికి వచ్చేటోళ్లు మాత్రం ఉండరు. పక్క ఫ్లాట్ల ఒక చిన్న తెల్ల కుక్క ఉంది, కరెంటు పోతే అదొక్కటి మొరుగుతది, దాన్ని కూడ ఊకో అని గదుముతరు.

నాయిన రిటైర్ అయిండు. పోయిన దసరాకు ఊరికి పోతే ఆయన వాకిట్ల పేపర్ సదువుతుండు, ఎదురింటి నుంచి పెద్దమ్మ కట్టె పట్టుకొని గడప కాడికొచ్చి, ఓ మర్దీ, మా మిక్సీ కాలిన వాసనొస్తుంది, జర సూసిపో అని కేకేసింది. నాయిన అప్పటికే టెస్టర్ దేవులాడుతుండు. అమ్మ లోపల నుంచి, రిటైరైనోనికి ఏం పనక్కా, బజార్ల మెకానిక్ లేడా అంటే పెద్దమ్మ అన్నది, మెకానిక్ పైసలడుగుతడే, మా మర్ది ఛాయ్ అడుగుతడు.